పేరు ఒకటే, రాతలే నాలుగు
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇచ్చిన అంశం "డేటా గవర్నెన్స్ అమలులో డేటా నాణ్యతా సమస్యలు". కరపత్రంలో ఇది చూసి సగం మంది భోజనాల షామియానా వైపు తిరిగిపోతారేమోనని అనుకున్నాను. కానీ సభ నిండుగానే ఉంది. కారణం నాకు తెలుసు. మన పింఛను ట్రస్టు వారు రికార్డులన్నీ కొత్త కంప్యూటరు వ్యవస్థలోకి మారుస్తూ, మనందరికీ నాలుగు పేజీల ఫారం పంపారు. "మీ వివరములు సరిచూసి, ధ్రువీకరించి, గడువులోగా పంపనిచో తదుపరి చర్య తీసుకొనబడును" అని కింద ఒక వాక్యం ఉంది. ఆ "తదుపరి చర్య" ఏమిటో రాయలేదు. మనల్ని ఇక్కడికి తెచ్చింది ఆ రెండు మాటలే.

నేను సర్వీసులో ఎక్కువ కాలం లెక్కల విభాగంలో, అప్పట్లో మెషిన్ సెక్షన్ అనేవారు, అక్కడ పనిచేశాను. అందువల్ల ఈ రికార్డులు ఎలా పుట్టాయో, ఎక్కడ వంకర పోయాయో కొంత తెలుసు. తెలిసింది చెబుతాను.

ముందుగా ఈ డేటా గవర్నెన్స్ అనే మాట. పేరు కొత్తదే గాని పద్ధతి మనం ఎరిగినదే. మన సర్వీసు రిజిస్టరు గుర్తు తెచ్చుకోండి. పుట్టిన తేదీ అంకెల్లో రాసి, పక్కన అక్షరాల్లో రాసేవారు. దిద్దుబాటు అవసరమైతే రుద్ది చెరిపే వీల్లేదు. పాత రాత కనబడేలా అడ్డంగా గీత కొట్టి, పైన కొత్తది రాసి, అధికారి పొట్టి సంతకం పెట్టాలి. ఏ కాగితం ఆధారంగా దిద్దారో పక్కన రాయాలి. ఏడాదికోసారి రిజిస్టరు మనకే చూపించి, సరిగా ఉందని సంతకం తీసుకోవాలన్న నియమం ఉండేది. ఎంత మంది సూపరింటెండెంట్లు చూపించారన్నది వేరే సంగతి, అది ఇప్పుడు తవ్వొద్దు. ఎవరు రాయాలి, ఎవరు దిద్దాలి, దేని ఆధారంగా, ఎవరికి చూపించి అన్న ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు ముందే రాసిపెట్టుకోవడాన్నే ఇవాళ కోటు వేసుకున్న వాళ్ళు డేటా గవర్నెన్స్ అంటున్నారు.

మరి చిక్కు ఎక్కడ వచ్చింది? కాగితం నుంచి యంత్రంలోకి ఎక్కించినప్పుడల్లా వచ్చింది. మొదట్లో పంచ్ కార్డులు. ఒక కార్డుకు 80 గళ్ళు. ఆ గళ్ళలోనే ఉద్యోగి నంబరు, పేరు, హోదా, బేసిక్ పే, అన్నీ ఇరికించాలి. పేరుకు ఇచ్చిన జాగా అయిపోతే పేరు అక్కడితో తెగిపోయేది. మన వాళ్ళ పేర్లు చిన్నవా? వెంకట సత్యనారాయణ మూర్తి గారు ఇంటిపేరుతో సహా ఆ గళ్ళలో పట్టరు. కాబట్టి "మూర్తి" పోయేది. జీతం వస్తున్నంత కాలం ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆధార్లో మూర్తి ఉన్నాడు, పింఛను ఫైల్లో లేడు. యంత్రం దృష్టిలో వీళ్ళిద్దరూ వేరు వేరు మనుషులు.

ఇంకోటి, మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక. కొత్త ఫారాల్లో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు ఉంటాయి. ఒక చోట ఇంటిపేరు మొదటి గడిలో వేశారు, ఇంకో చోట చివర వేశారు, మూడో చోట ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టారు. ఇక ఇంగ్లీషు స్పెల్లింగుల సంగతి చెప్పనే అక్కర్లేదు. లక్ష్మి అన్న పేరును కొందరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, కొందరు ఎక్స్ పెట్టి రాస్తారు. సీతకు చివర టి ఒకటే పెట్టేవారున్నారు, దాని పక్కన హెచ్ చేర్చేవారున్నారు. తెలుగులో రాసి ఉంటే ఒకే మనిషి, ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి నలుగురు.

పుట్టిన తేదీ ఇంకా చిత్రం. సంవత్సరం మాత్రమే తెలిసినప్పుడు జూలై 1గా, నెల కూడా తెలిస్తే ఆ నెల 16వ తేదీగా రాసుకోవాలని కేంద్ర ప్రభుత్వ నియమం. చాలా సంస్థలు దాన్నే అనుసరించాయి. 2010లో ఆధార్ నంబర్లు ఇవ్వడం మొదలయ్యాక, సంవత్సరం మాత్రమే చెప్పగలిగిన చాలా మందికి జనవరి 1 పడింది. రెండు చోట్లా నియమం ప్రకారమే రాశారు, ఎవరూ తప్పుడు పని చేయలేదు. అయినా రెండూ పక్క పక్కన పెడితే ఆరు నెలల తేడా. ఇలాంటి తేడా కనబడితే ఆధార్లో ఉన్నదే నిజమని గుమాస్తా దిద్దేస్తే ఒప్పుకోకండి. ఆధార్ మనిషి గుర్తింపుకు పనికొస్తుంది గాని పుట్టిన తేదీకి రుజువు కాదు. ప్రావిడెంటు ఫండు సంస్థ 2024 జనవరిలో తన ఆమోదపత్రాల జాబితా నుంచి దాన్ని తీసేసింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఒక ప్రమాద పరిహారం కేసులో ఆధార్ తేదీని కాదని, స్కూలు సర్టిఫికెట్టులోని తేదీనే తీసుకుంది. మనకు సర్వీసు రిజిస్టరులోని తేదీయే మూలం.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా వినమని మనవి. రికార్డు మంచిదా చెడ్డదా అన్నది దాన్ని దేనికి వాడుతున్నామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 1970లలో పింఛను కాగితాలు తయారు చేసినప్పుడు భార్య పేరు రాస్తే సరిపోయేది. ఆవిడ పుట్టిన తేదీ ఎవరూ అడగలేదు, అవసరమూ లేదు. అందుకు తగ్గట్టు ఆ కాగితం సంపూర్ణమే. 2006 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వ పింఛనర్లకు, కుటుంబ పింఛనర్లకు 80 ఏళ్ళు నిండితే 20 శాతం, 85కు 30, 90కి 40, 95కి 50, నూరేళ్ళకు 100 శాతం అదనపు పింఛను వచ్చింది. అదే తరహాలో మన ట్రస్టులోనూ వచ్చింది. ఒక్కసారిగా ఆ ఖాళీ గడికి ఖరీదు కట్టారు. భార్య పుట్టిన తేదీ రికార్డులో లేకపోతే ఆవిడకు ఎనభై ఎప్పుడు నిండుతాయో యంత్రానికి తెలియదు. తెలియకపోతే ఇవ్వదు. అడగదు కూడా. అది మౌనంగా జరిగే నష్టం. ఆగిపోయిన పింఛను గురించి అందరూ అరుస్తారు, రావలసిన పెంపు రాకపోతే ఎవరికీ తెలియదు.

అందుకని సోదరులారా, ఇవాళ ఇంటికి వెళ్ళగానే మీ గడి కన్నా ముందు మీ ఆవిడ గడి చూడండి. మన తరువాత ఆ కాగితం పట్టుకుని కౌంటరు ముందు నిలబడేది ఆవిడే. అప్పుడు జవాబు చెప్పడానికి మనం ఉండం.

మన సభ్యురాలు ఒకావిడ సంగతి చెబుతాను, ఆవిడ అనుమతితోనే. పేరు చెప్పను. భర్త పోయాక కుటుంబ పింఛనుకు అర్జీ పెట్టుకున్నారు. పింఛను ఉత్తర్వులో ఆవిడ పేరు పెళ్ళినాటి పేరు, చివర "అమ్మ"తో ఉంది. అత్తవారింట్లో పిలిచిన పేరు వేరు, ఆధార్లోనూ బ్యాంకులోనూ అదే ఉంది. బ్యాంకు వారు మంచివారు. అఫిడవిట్టు తీసుకుని, వాళ్ళ పుస్తకంలో సరిచేశారు. మొదటి నెల పింఛను పడింది. రెండో నెల పడలేదు. మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ సరిచేశారు. తరువాతి నెల మళ్ళీ అదే. మూడుసార్లు తిరిగాక ఆవిడ కొడుకు మన సంఘం గదికి వచ్చాడు. "బాబాయి గారూ, బ్యాంకు వాళ్ళు దిద్దుతారు, నెల తిరగ్గానే దానంతటదే చెడిపోతోంది, ఇదేం చోద్యం?" అన్నాడు.

చోద్యమేం కాదు. ప్రతి నెలా చెల్లింపు కార్యాలయం నుంచి బ్యాంకుకు ఒక ఫైలు వెళుతుంది. ఆ ఫైల్లో పాత పేరే ఉంది. బ్యాంకు వారు దిద్దినదాని మీద ప్రతి నెలా ఆ పాత పేరు వచ్చి పడుతోంది. ఇంటి మీద ట్యాంకులో నీళ్ళు బురదగా వస్తుంటే వంటింట్లో కుళాయికి గుడ్డ కట్టినట్టు. ట్యాంకు కడగాలి. పింఛను ఉత్తర్వు ఎవరు జారీ చేశారో వారే సవరణ ఉత్తర్వు ఇవ్వాలి, దాని ప్రతి చెల్లింపు కార్యాలయానికి పోవాలి, అక్కడి నుంచి బ్యాంకుకు పోవాలి. ఆ దారిలో పోతే ఆవిడ పని ఒక్కసారితో అయింది. ఆలస్యమైంది, అది నిజం. మధ్యలో ఆవిడ మందులకు గాజులు తాకట్టు పెట్టారని తరువాత తెలిసింది. పేరు చివర ఒక్క "అమ్మ" కోసం.

ఈ కథలో తప్పు ఏ ఒక్క గుమాస్తాదీ కాదు. ఆ పేరు గడికి యజమాని ఎవరన్నది ఎక్కడా రాసి లేదు, అదీ లోపం. బ్యాంకు తనదనుకుంది, చెల్లింపు కార్యాలయం తనదనుకుంది, ఉత్తర్వు ఇచ్చిన వారికి అసలు కబురే లేదు. కొత్త వ్యవస్థ పెడుతున్నవారు మొదట చేయవలసింది కంప్యూటర్లు కొనడం కాదు, పుట్టిన తేదీ గడి ఎవరిది, పేరు గడి ఎవరిది, బ్యాంకు ఖాతా గడి ఎవరిది అని పట్టిక రాసుకోవడం. మిగతా అందరూ ఆ యజమాని దగ్గర నుంచి నకలు తీసుకోవాలే తప్ప సొంతంగా దిద్దకూడదు. నేను చూసినంతలో ఈ పట్టిక లేకుండా మొదలుపెట్టిన చోటల్లా తప్పులు తగ్గకపోగా పెరిగాయి. పాత తప్పుల మీద కొత్త దిద్దుబాట్లు పేరుకుపోతాయి.

రెండోది, తేడాలన్నీ ఒకే గాటన కట్టకూడదు. స్పెల్లింగు తేడా ఒక రకం, అది ఆఫీసులోనే పాత కాగితాలు చూసి తేల్చవచ్చు, మనిషిని పిలవనక్కర్లేదు. ఖాళీ గడి ఇంకో రకం, ఒక్క ఉత్తరం రాసి అడిగితే వస్తుంది. రెండు కాగితాలు రెండు రకాలుగా చెబుతుంటే, అదొక్కటే నిజంగా విచారణ కావలసిన రకం. ఈ మూడింటినీ కలిపి "సరిపోలలేదు" అని ఒకే జాబితా తీసి అందరికీ ఒకే నోటీసు ఇస్తే, అసలు అనుమానించవలసిన వాడు గుంపులో కలిసిపోతాడు, ఎనభై ఏళ్ళ ముసలమ్మ ఆటో ఎక్కి ఆఫీసుకు రావలసి వస్తుంది.

ఇక ఆ "తదుపరి చర్య" దగ్గరకు వస్తాను. తేడా ఉన్నంత మాత్రాన పింఛను ఆపడం అన్నది శుద్ధి కాదు. ఉత్తరప్రదేశ్ ఆజంగఢ్ జిల్లాలో లాల్ బిహారీ అనే ఆయన గురించి మీలో కొందరు చదివే ఉంటారు. భూమి కోసం బంధువులు లంచమిచ్చి రెవెన్యూ రికార్డుల్లో ఆయన చనిపోయినట్టు రాయించారు. బతికున్నానని నిరూపించుకోవడానికి 1994 దాకా పట్టింది. ఆ పోరాటంలో పేరు చివర "మృతక్" అని తగిలించుకున్నాడు, తనలాంటి వారితో మృతకుల సంఘం పెట్టాడు, ఎన్నికల్లో నిలబడ్డాడు. అది కాగితాల కాలం, లంచం పని. మరి కంప్యూటర్ల కాలంలో? 2022లో హర్యానా రోహతక్‌లో 102 ఏళ్ళ పెద్దాయన, కుటుంబ గుర్తింపు రికార్డుల్లో చనిపోయినట్టు నమోదై పింఛను ఆగిపోతే, పెళ్ళికొడుకులా రథమెక్కి, నోట్ల దండ వేసుకుని, బ్యాండు మేళంతో ఊరేగింపుగా వెళ్ళి తాను బతికే ఉన్నానని చాటుకోవలసి వచ్చింది. పత్రికలు నవ్వుతూ వేశాయి. నాకు నవ్వు రాలేదు. మన తెలంగాణలోనూ క్షేత్ర విచారణ లేకుండా కంప్యూటరు లెక్కల మీద లక్షలాది రేషను కార్డులు రద్దు చేస్తే, 2022లో సుప్రీంకోర్టు మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి చూడమంది.

అంచేత మన సంఘం ట్రస్టును రాతపూర్వకంగా కోరవలసింది ఇది. తేడా తేలేదాకా పాత పింఛను యథాతథంగా నడవాలి. ఎవరి రికార్డులో ఏ గడి మార్చినా, మార్చిన తేదీ, పాత రాత, కొత్త రాత, ఆధారం ఉన్న చీటీ పింఛనరుకు పోవాలి. పాత సర్వీసు రిజిస్టరు గీత కొట్టి రాసినట్టే, యంత్రం కూడా పాత రాతను దాచిపెట్టుకోవాలి. చనిపోయినట్టు నమోదు చేసేముందు మరణ ధ్రువపత్రమో, ఇంటికి వెళ్ళి చూసిన మనిషి సంతకమో ఉండాలి. లైఫ్ సర్టిఫికెట్టు రాలేదు గనుక పోయాడనుకోవడం కుదరదు. డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్టు 2014 నవంబరులో వచ్చింది. వేలిముద్రలు అరిగిన వారి కోసం ముఖం చూపించే పద్ధతి 2021లో వచ్చింది. బాగానే ఉంది. కానీ అందులో పింఛను ఉత్తర్వు నంబరు ఒక్క అంకె తప్పు కొట్టినా, సెల్లుకు "విజయవంతం" అని సందేశం రావచ్చు, ఆఫీసులో తిరస్కరించనూ వచ్చు. ఆ సందేశం మీ ముఖం మీదేనని చెబుతుంది, పింఛను ఖాతా సంగతి చెప్పదు. నాలుగు రోజులాగి స్థితి చూసుకోవాలి.

చట్టం కూడా ఈ దారిలోకే వస్తోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, ఒక మనిషికి సంబంధించిన నిర్ణయం తీసుకోవడానికి సమాచారం వాడే సంస్థే అది సంపూర్ణంగా, సరిగా, పొంతన కుదిరేలా ఉండేట్టు చూసుకోవాలి. నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. సవరణ కోరే హక్కుకు కొన్ని షరతులున్నాయి కాబట్టి, రేపే దీన్ని పట్టుకుని కోర్టుకు పోదామని నేను చెప్పడం లేదు. భారమంతా పింఛనరు మీద వేయడం సబబు కాదని చెప్పడానికి మాత్రం ఇది చాలు.

ఇప్పుడు మనలో కొందరి మాట. "ఫారం ఇవ్వకపోతే సరి, కదిపితే ఎప్పటిదో ఎక్కువ చెల్లింపు బయటపడి రికవరీ పెడతారు" అంటున్నారు. టీ తాగేటప్పుడు ఇదే చర్చ. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ దానితో ఏకీభవించను. పంజాబ్ ప్రభుత్వం, రఫీక్ మసీహ్ కేసులో 2014 డిసెంబరు 18న సుప్రీంకోర్టు తేల్చినది వినండి. ఉద్యోగి మోసం ఏమీ లేకుండా ఆఫీసు పొరపాటున ఎక్కువ ఇచ్చినట్టయితే, రిటైరైన వారి నుంచి, ఏడాదిలో రిటైరయ్యే వారి నుంచి, మూడు, నాలుగు తరగతుల ఉద్యోగుల నుంచి తిరిగి వసూలు చేయరాదు. ఒక మెలిక ఉంది. ఎక్కువ వస్తే తిరిగి చెల్లిస్తానని ముందే రాసిచ్చిన సందర్భంలో వసూలు చేయవచ్చని 2016లో ఇంకో తీర్పు వచ్చింది. కాబట్టి ఫారం నాలుగో పేజీలో చివరి పేరా చదవకుండా సంతకం పెట్టకండి. మన ఫారంలో అలాంటి మాట ఒకటి ఉంది. అది తీసేయమని అడగాలన్నది నా ప్రతిపాదన. కానీ ఫారమే ఇవ్వకపోవడం, తప్పు మనకు లాభమైతే నోరు మూసుకుని నష్టమైతే గొంతెత్తడం, అది మన సంఘానికి తగదు. పైగా రేపు ఆ ముడి విప్పవలసింది మన ఇంట్లో ఆడవాళ్ళు.

మెత్తగా చెప్పే మాట ఇంకోటి. ఈ సర్దుబాటు కోసం సెల్లుకు ఫోను చేసి ఓటీపీ అడిగేవాడు ఎవడూ ట్రస్టు మనిషి కాడు. మనవడికైనా చెప్పి చూడండి, వాడే నవ్వుతాడు.

కార్యదర్శి గారు గంట కొడుతున్నారు, భోజనాలు చల్లారుతున్నాయట. పని సంగతి చెప్పి దిగిపోతాను. ఎల్లుండి నుంచి మన సంఘం గదిలో పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా, ఆదివారం తప్ప, నేనూ ఇంకో ఇద్దరు మిత్రులమూ కూర్చుంటాం. వచ్చేవారు పింఛను ఉత్తర్వు, సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ నకలు ఉంటే అది, స్కూలు సర్టిఫికెట్టు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, మీవీ మీ ఆవిడవీ జిరాక్సులు తెచ్చుకోండి. ఒరిజినల్స్ చూపించండి, ఎవరికీ వదిలిపెట్టకండి, మాకు కూడా. అన్నిటినీ పక్క పక్కన పరిచి, ఎక్కడ తేడా ఉందో ఒక తెల్లకాగితం మీద రాసి, ఏ ఆఫీసుకు అర్జీ పెట్టాలో చెబుతాం. అర్జీ రెండు ప్రతులు తీయండి, ఒక దాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని ఇంట్లో దాచండి. రాలేని వారి ఇళ్ళకు శనివారాలు మేమే వస్తాం. మీ వీధిలో మంచం పట్టిన సభ్యులు, ఒంటరిగా ఉంటున్న అక్కయ్యలు ఎవరైనా ఉంటే, గుమ్మం దగ్గర బల్ల మీద పుస్తకం పెట్టాం, వాళ్ళ పేరు, వీధి అందులో రాసి వెళ్ళండి. పేరు మాత్రం తెలుగులో, పూర్తిగా రాయండి.